లైబ్రరీ మీద సంతకం: అది ఇచ్చే హామీ ఎంతవరకు

హనుమకొండలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఇంజనీరింగ్ విద్యార్థులు ఉన్నారు. వెనక చౌరస్తా నుంచి, నక్కలగుట్ట నుంచి వచ్చిన డీటీపీ మిత్రులు ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడాలి కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

మేము కొందరం కలిసి తెలుగు టైపింగ్ కోసం ఒక లైబ్రరీ, అంటే ఇతర ప్రోగ్రాములు కలుపుకుని వాడుకునే కోడ్ భాగం, రాస్తున్నాం. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగులోకి మార్చడం, ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చడం, పదం పూర్తికాకముందే సూచనలు ఇవ్వడం దాని పని. కోడ్ అంతా బహిరంగమే. ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. కానీ వాడేవారి దగ్గరికి చేరేది ఆ కోడ్ కాదు కదా. కంపైల్ చేసిన, అంటే యంత్రం నడిపే రూపంలోకి మార్చిన, ఫైలు చేరుతుంది. విండోస్‌లో డీఎల్ఎల్, లైనక్స్‌లో ఎస్ఓ, ఫోనులో అయితే యాప్ పొట్టలో అదే ఎస్ఓ. దాన్ని తెరిచి చూస్తే మనిషి చదవగలిగేది ఏమీ ఉండదు.

పైగా ఇది కీబోర్డు లైబ్రరీ. మీరు నొక్కే ప్రతి మీటనూ చూస్తుంది. పెళ్లికార్డు మీద వధూవరుల పేర్లు కొట్టినా చూస్తుంది, బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టినా చూస్తుంది. మా ఫైలును ఎవరైనా దారిలో మార్చి, నొక్కిన మీటలన్నీ ఇంకెక్కడికో పంపే నాలుగు వరుసలు చేర్చారనుకోండి. తెలుగు మునుపటిలాగే చక్కగా పడుతుంది. వాడేవారికి అనుమానం రావడానికి కారణమే ఉండదు. అందుకే ఈ విషయం నాకు అంత ముఖ్యం. మనం ఇచ్చిన వస్తువు మీద మన పేరు ఉంది. మార్చిన వస్తువు మీద కూడా మన పేరే ఉంటుంది.

వరంగల్ చుట్టుపక్కల పుట్టినవారికి ఈ చిక్కు కొత్తది కాదు. పత్తి విత్తనాన్ని అరచేతిలో పోసుకుని అసలుదో నకిలీదో చెప్పగల రైతు లేడు. మొలిచి, పెరిగి, కాయ పట్టకపోతే అప్పుడు తెలుస్తుంది. అప్పటికి పెట్టుబడీ పోయింది, అదనూ పోయింది. ధ్రువీకరించిన విత్తనపు సంచికి నీలి ట్యాగు కట్టి సీలు వేసేది అందుకే. ట్యాగు వల్ల గింజకు మంచితనం రాదు. ఈ గింజకు పూచీ ఎవరిది, సంచి కట్టాక ఎవరైనా విప్పారా అన్న రెండు ప్రశ్నలకు అది జవాబు. లైబ్రరీ మీద డిజిటల్ సంతకం కూడా సరిగ్గా ఈ రెండు ప్రశ్నలకే జవాబు చెబుతుంది. మూడో ప్రశ్నకు, అంటే లోపల ఉన్నది మంచిదేనా అన్నదానికి, అది జవాబు చెప్పదు. ఈ సంగతి మరిచిపోయిన చోటల్లా దెబ్బ తగిలింది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా అదే: చిన్న ప్రాజెక్టు అయినా మొదటి విడుదల నుంచే సంతకం చేయాలి, చేసేటప్పుడు ఆ సంతకంతో దేనికి హామీ ఇస్తున్నామో, దేనికి ఇవ్వడం లేదో స్పష్టంగా తెలిసి చేయాలి.

సంతకం ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. తెర మీద ఉన్నది మా లైబ్రరీ ఫైలు. దీన్ని షా-256 అనే హ్యాష్ లెక్కలో వేస్తే 256 బిట్ల విలువ వస్తుంది. పదహారు రకాల అంకెలు వాడే హెక్సాడెసిమల్ పద్ధతిలో రాస్తే 64 అక్షరాలు. ఫైలు రెండు మెగాబైట్లయినా రెండు గిగాబైట్లయినా వచ్చేది అవే 64. ఇప్పుడు కింది వరుస చూడండి. అదే ఫైలు, మధ్యలో ఎక్కడో ఒకే ఒక్క బిట్టు మార్చాను. రెండు వరుసలను పక్కపక్కన పెట్టి పోల్చండి. పోలిక ఎక్కడైనా కనిపిస్తోందా? దాదాపు ప్రతి అక్షరమూ మారిపోయింది. అక్కడక్కడ కొన్ని కలిస్తే అది కేవలం యాదృచ్ఛికం.

ఆ హ్యాష్ మీద మనం రహస్యంగా దాచుకునే ప్రైవేట్ కీతో సంతకం చేస్తాం. మన పబ్లిక్ కీ ఉన్నవారు ఎవరైనా దాన్ని సరిచూడగలరు, కానీ పబ్లిక్ కీతో కొత్త సంతకాన్ని పుట్టించలేరు. ఇలా ఒక కీని లోకానికంతటికీ చెప్పి రెండోదాన్ని దాచుకోవచ్చన్న ఆలోచనను 1976లో డిఫీ, హెల్‌మన్ ప్రచురించారు. మరుసటి ఏడాది రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ దాన్ని పనిచేసే పద్ధతిగా నిలబెట్టారు. వారి పేర్ల మొదటి అక్షరాలే ఆర్ఎస్ఏ. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టే ప్రాజెక్టుకు నేనైతే ఎడ్25519 అనే సంతకపు పద్ధతిని సూచిస్తాను. పబ్లిక్ కీ 32 బైట్లు, సంతకం 64 బైట్లు. ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేంత.

హ్యాష్ లెక్క బలహీనమైతే దాని మీద పెట్టిన సంతకమూ బలహీనమే. ఎండీ5 అనే పాత హ్యాష్ లెక్కలో రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే హ్యాష్ రప్పించవచ్చని 2004లో తేలింది. 2012లో బయటపడిన ఫ్లేమ్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్ ఆ బలహీనతను వాడుకుని మైక్రోసాఫ్ట్ ఇచ్చినట్టే కనిపించే దొంగ సర్టిఫికెట్‌తో తిరిగింది. షా-1 అనే మరో పాత లెక్కను 2017లో గూగుల్ వారూ, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులూ కలిసి పడగొట్టి, ఒకే హ్యాష్ ఉన్న రెండు పీడీఎఫ్‌లను లోకం ముందు పెట్టారు. కాబట్టి పాత పాఠాలు చూసి ఎండీ5 వాడకండి.

వెబ్‌సైటులో హ్యాష్ రాసి పెడితే చాలదా, సంతకం దాకా ఎందుకు అని చాలామంది అడుగుతారు. 2016 ఫిబ్రవరిలో లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టం వెబ్‌సైటులోకి ఎవరో చొరబడి డౌన్‌లోడ్ లింకు మార్చారు. ఆ లింకు నొక్కినవారికి దొంగదారి (దాడి చేసేవారు రహస్యంగా లోపలికి రాగల ఏర్పాటు) పెట్టిన ఐఎస్ఓ, అంటే ఇన్‌స్టాల్ చేసే ఫైలు, దిగింది. పేజీలోని లింకును మార్చగలిగినవాడికి అదే పేజీలోని హ్యాష్‌ను మార్చడం ఎంతసేపు? హ్యాష్ ఎవరైనా లెక్కపెట్టగలిగేది. సంతకం అలా కాదు, దానికి ప్రైవేట్ కీ కావాలి. ఆ కీ వెబ్‌సైటు ఉన్న సర్వర్‌లో లేకపోతే, సర్వర్ పోయినా సంతకం నిలుస్తుంది.

ఇక్కడున్న డీటీపీ మిత్రులకు డిజిటల్ సంతకం అనగానే డీఎస్‌సీ (డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్) టోకెన్ గుర్తొస్తుంది. మన దేశంలో డిజిటల్ సంతకానికి చట్టబద్ధత 2000 నాటి ఐటీ చట్టంతో వచ్చింది. టెండర్లు వేసే కాంట్రాక్టర్లూ, రిటర్నులు దాఖలు చేసే ఆడిటర్లూ వాడే యూఎస్‌బీ టోకెన్ లోపల ఉన్నది నేను చెప్పిన ప్రైవేట్ కీయే. మరి ఆ టోకెన్ ఎక్కడ ఉంటుంది? చాలా చోట్ల యజమాని జేబులో ఉండదు. కంప్యూటర్ ఆపరేటర్ సొరుగులో ఉంటుంది, పిన్ నంబరు చీటీ మీద రాసి దానికే చుట్టి ఉంటుంది. అదే చట్టం 42వ సెక్షన్ ప్రైవేట్ కీని తన అదుపులో ఉంచుకోవలసిన బాధ్యత దాని సొంతదారుదేనని చెబుతుంది. చట్టం ఆ మాట ఎందుకు చెప్పిందో ఆలోచించండి. గణితం దృష్టిలో సంతకం చేసినది మనిషి కాదు, కీ. కీ ఎవరి చేతిలో ఉంటే వారే మీరు.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. 2024 మార్చి 29న అది లోకానికి తెలిసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేస్తారు. తన లైనక్స్ యంత్రంలోకి ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి యంత్రంలోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అవుతుంటే మునుపటికంటే సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. మనలో ఎవరమైనా అయితే నెట్ నెమ్మదిగా ఉందనుకుని వదిలేసేవాళ్లం. ఆయన వదల్లేదు. తవ్వుకుంటూ పోతే లిబ్‌ఎల్‌జెడ్ఎంఏ అనే కంపైల్ అయిన లైబ్రరీ దగ్గర తేలింది. ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్‌లో భాగం అది. దాదాపు ప్రతి లైనక్స్ యంత్రంలోనూ ఉంటుంది. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు.

ఎవరో అన్నాను కానీ, బయటి నుంచి గోడ దూకినవాడు కాదు. జియా టాన్ అన్న పేరుతో 2021 నుంచి ఆ ప్రాజెక్టుకు సాయం చేస్తూ, ఒంటరిగా బరువు మోస్తున్న అసలు నిర్వాహకుడి నమ్మకం సంపాదించి, చివరికి విడుదలలు చేసే హక్కు దక్కించుకున్న వ్యక్తి. వ్యక్తో, బృందమో ఈనాటికీ తేలలేదు. 5.6.0 విడుదల 2024 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ విడుదల మూటల మీద, అంటే పంచడానికి కట్టిన కోడ్ ఫైళ్ల మీద, సంతకం ఉంది. సరైన సంతకం. ప్రాజెక్టులో విడుదల చేసే అధికారం ఉన్న మనిషి కీతో చేసిన సంతకం. సరిచూసిన ప్రతివారికీ సరిపోయింది.

విద్యార్థులు ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలని కోరుతున్నాను. సంతకం అబద్ధం చెప్పలేదు. ఈ మూట కట్టినది ఫలానా కీ ఉన్నవారే, కట్టాక ఎవరూ విప్పలేదు అని చెప్పింది. ఆ రెండూ నిజమే. మోసం ఇంకోచోట ఉంది. బహిరంగ రిపాజిటరీలో, అంటే ప్రాజెక్టు కోడ్ ఉంచే చోట, అందరూ చూడగల కోడ్ ఒకటి, విడుదల మూటలో ఉన్నది మరొకటి. బిల్డ్ సమయంలో, అంటే కోడ్‌ను కంపైల్ చేసి సిద్ధం చేసేటప్పుడు, నడిచే ఒక చిన్న ఎం4 ఫైలు రిపాజిటరీలో లేదు, మూటలో మాత్రమే ఉంది. అది పరీక్షల కోసం పెట్టినట్టు కనిపించే కుదించిన ఫైళ్లలోంచి దాచిన ముక్కలను బయటికి తీసి, కంపైల్ అవుతున్న లైబ్రరీలో అతికించేది. అది కూడా ఎప్పుడూ కాదు. 64 బిట్ల ఇంటెల్ రకం యంత్రం మీద, డెబియన్ లేదా ఆర్‌పీఎం పొట్లం (లైనక్స్‌లో ఇన్‌స్టాల్ చేసే మూటల రకాలు) కడుతున్నప్పుడు మాత్రమే. కోడ్ చదివేవారికి రిపాజిటరీలో అనుమానించదగిన వరుస దొరకడం కష్టం. పంపిణీదారులు మూటను నమ్మి కంపైల్ చేస్తారు.

ఇంకో వివరం చెప్పాలి. ఆ దొంగదారి ఎవరు పడితే వారు తట్టినా తెరుచుకోదు. లోపలికి వచ్చే ఆదేశం మీద ఎడ్448 అనే పద్ధతి సంతకాన్ని సరిచూసి, తన యజమానిదైతేనే పాటిస్తుంది. సంతకం విలువ దాడి చేసినవారికి అంత బాగా తెలుసు. మనకు వారికంటే తక్కువ తెలిసి ఉండకూడదని నా పట్టుదల.

దీనికి ముందే 2020 డిసెంబరులో సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వ్యవహారం బయటపడింది. అక్కడ దాడి చేసినవారు ఆ కంపెనీ బిల్డ్ యంత్రంలో కూర్చున్నారు. కంపైల్ జరుగుతున్న క్షణంలో ఒక సోర్స్ ఫైలును (మనుషులు రాసిన కోడ్) మార్చి, పని అయ్యాక మళ్లీ పాతది పెట్టేసేవారు. బయటికి వచ్చిన డీఎల్ఎల్ మీద కంపెనీ తన అసలు సర్టిఫికెట్‌తోనే సంతకం చేసింది. దాదాపు 18,000 మంది ఖాతాదారులు దాన్ని దించుకున్నారు. కాబట్టి చివర్లో సంతకం పెట్టడం ఒక్కటే చాలదు. సోర్స్ నుంచి లైబ్రరీ దాకా ఉన్న దారిని కూడా వెలుగులోకి తేవాలి.

అందుకు మనకున్న సాధనం పునరుత్పాదక బిల్డ్. మాట పెద్దదే, విషయం చిన్నది. ఒకే సోర్స్, ఒకే కంపైలర్ వెర్షన్ ఇస్తే, హనుమకొండలో కంపైల్ చేసినా కరీంనగర్‌లో కంపైల్ చేసినా బిట్టు తేడా లేకుండా ఒకే ఫైలు రావాలి. అలా వస్తే నా సంతకాన్ని మీరు గుడ్డిగా నమ్మనక్కరలేదు. మీరే కంపైల్ చేసి పోల్చుకోవచ్చు. డెబియన్ అనే లైనక్స్ పంపిణీ వారు ఈ పనిని 2013లో గట్టిగా మొదలుపెట్టారు. ఎంతో ఓపికతో వేలాది పొట్లాలను ఆ దారిలోకి తెచ్చారు. నాకు వారంటే గొప్ప గౌరవం. పేరు రాని పని అది.

ఒకే ఫైలు రావడం సహజమే కదా అనిపిస్తుంది. రాదు. మేము మా లైబ్రరీని కాజీపేటలో ఉన్న మిత్రుడి కంప్యూటర్‌లో ఒకసారి, ఇక్కడ ఒకసారి కంపైల్ చేసి డిఫోస్కోప్ అనే పరికరంతో పోల్చాం. ఆ ఫలితం ఇదిగో, తెర మీద ఉంది. మొదటి తేడా, కంపైల్ చేసిన తేదీ, సమయం లైబ్రరీ లోపల నమోదైంది. రెండోది చూడండి, సోర్స్ ఉన్న ఫోల్డర్ పూర్తి చిరునామా, మిత్రుడి యూజర్ పేరుతో సహా, లోపల అచ్చయింది. మూడోది నాకు చాలా నచ్చిన తేడా. సంయుక్తాక్షరాల పట్టికను ఒక పైథాన్ స్క్రిప్టు తయారు చేస్తుంది. అందులో అక్షరాలను సెట్‌లో (క్రమం లేని గుంపులో) పెట్టి ఒక్కొక్కటిగా బయటికి రాస్తున్నాం. పైథాన్ 3.3 నుంచి స్ట్రింగుల, అంటే అక్షర వరుసల, హ్యాష్‌లకు ప్రతి పరుగులోనూ కొత్త యాదృచ్ఛిక సంఖ్య కలుస్తుంది కాబట్టి, సెట్‌లోంచి వచ్చే వరుస పరుగుకూ పరుగుకూ మారుతుంది. అంటే ఒకే కంప్యూటర్‌లో రెండుసార్లు కంపైల్ చేసినా ఒకసారి క్షకారం ముందు, ఇంకోసారి జ్ఞకారం ముందు. పని తీరులో తేడా లేదు, బిట్లలో ఉంది.

మందులు కూడా తెలిసినవే. సమయానికి సోర్స్ డేట్ ఇపాక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాములకు బయటి నుంచి అందించే విలువ) ఉంది. అందులో చివరి మార్పు జరిగిన సమయం పెడితే, దాన్ని గౌరవించే పరికరాలన్నీ ఇప్పటి గడియారానికి బదులు అదే వాడతాయి. ఫోల్డర్ చిరునామాకు జీసీసీ అనే కంపైలర్‌లో 8వ వెర్షన్ నుంచి ఫైల్ ప్రిఫిక్స్ మ్యాప్ అనే ఐచ్ఛికం ఉంది. పట్టికను రాసే ముందు వరుసలో పేర్చితే మూడో తేడా పోతుంది. పేర్చేటప్పుడు మాత్రం యంత్రపు భాషా అమరికను బట్టి వరుస మారకుండా యూనికోడ్ సంఖ్యల ప్రకారం పేర్చాలి. తెలుగు అమరిక ఉన్న యంత్రంలో ఒక వరుస, ఇంగ్లిష్ అమరిక ఉన్న యంత్రంలో ఇంకో వరుస వస్తే మళ్లీ మొదటికొస్తాం.

ఇప్పుడు మా విడుదల ఎలా జరుగుతుందంటే, వేర్వేరు ఊళ్లలో ఉన్న ఇద్దరం విడివిడిగా కంపైల్ చేస్తాం. రెండు హ్యాష్‌లు కలిస్తేనే సంతకం. ఇద్దరి సంతకాలూ ఉంటాయి. ఒకరి యంత్రంలో ఎవరైనా కూర్చుని ఉంటే హ్యాష్‌లు కలవవు. ఒకరి మనసు మారినా హ్యాష్‌లు కలవవు. కంపైలరే చెడిపోతే అన్న ప్రశ్న మిగులుతుంది. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో అదే చూపించారు, 1984లో అచ్చయింది. సోర్స్‌లో జాడ లేకుండా కంపైలర్ తనలో తానే దొంగదారిని మోసుకుపోగలదని. దానికీ పరిష్కారాలు ఉన్నాయి, అవి వేరే రోజుకు.

వేదికలను బట్టి తేడాలు క్లుప్తంగా చెబుతాను. విండోస్‌లో సంతకం డీఎల్ఎల్ లోపలే ఇముడుతుంది, ఆథెంటికోడ్ అంటారు. డాట్‌నెట్‌లో స్ట్రాంగ్ నేమ్ అని ఇంకోటి ఉంది. దాన్ని భద్రత అనుకోవద్దని మైక్రోసాఫ్టే చెబుతుంది, చాలా బహిరంగ ప్రాజెక్టులు ఆ కీని రిపాజిటరీలోనే పెడతాయి. జావాలో లైబ్రరీలను పంచే మావెన్ సెంట్రల్‌కు పంపే ప్రతి జార్ ఫైలుకూ పీజీపీ అనే పద్ధతి సంతకం తప్పనిసరి. లైనక్స్‌లో కెర్నెల్ మాడ్యూళ్లకు ఫైలు చివర సంతకం అతికించే ఏర్పాటు 3.7 వెర్షన్ నుంచి ఉంది. మామూలు ఎస్ఓ ఫైళ్లకు మాత్రం అందరూ ఒప్పుకున్న అంతర్గత సంతకం లేదు. పక్కన వేరే ఫైలుగా పెట్టాలి, లేదా పొట్లం స్థాయిలో చేయాలి. ఆండ్రాయిడ్‌లో సంతకం లేని యాప్ అసలు ఎక్కదు. అందులోనూ స్వేచ్ఛా యాప్‌లను పంచే ఎఫ్-డ్రాయిడ్ పద్ధతి నాకు ఇష్టం. వారు సోర్స్ నుంచి తామే కంపైల్ చేసి, అది మన ఫైలుతో బిట్టు తేడా లేకుండా సరిపోతే మన సంతకంతోనే పంచుతారు.

కీ సంగతి. 2010లో స్టక్స్‌నెట్ అనే హానికర సాఫ్ట్‌వేర్ బయటపడినప్పుడు దాని డ్రైవర్ల మీద రియల్‌టెక్, జేమైక్రాన్ అనే తైవాన్ కంపెనీల అసలు కీలతో చేసిన సంతకాలు ఉన్నాయి. కీలు దొంగతనమయ్యాయి. ఇలాంటివి చూశాకే, 2023 జూన్ 1 నుంచి సర్టిఫికెట్ సంస్థలు ఇచ్చే కోడ్ సంతకపు కీలు హార్డ్‌వేర్ పరికరంలోనే ఉండాలన్న నియమం వచ్చింది. మనం సర్టిఫికెట్ కొనకపోయినా ఆ నియమం పాటించదగినదే. మూల కీని నెట్‌కు ఎన్నడూ తగలని చోట ఉంచాలి. రోజువారీ సంతకానికి దాని కింద ఉపకీ చేసి హార్డ్‌వేర్ టోకెన్‌లో పెట్టాలి. ఈ కీ ఇక చెల్లదని చెప్పే రద్దు పత్రాన్ని మొదటిరోజే తయారు చేసి, కాగితం మీద అచ్చు తీసి, రెండు వేర్వేరు ఇళ్లలో దాచాలి. కీ పోయాక రద్దు చేయాలంటే కీయే కావాలి మరి.

పిల్లలు బెంగళూరుకో, అమెరికాకో వెళ్లిపోతారు. ప్రాజెక్టు ఇక్కడే ఉంటుంది. కాబట్టి కీ వారసత్వం ఎవరిదో ముందే రాసి పెట్టుకోండి. ఒక్కరి చేతిలోనే ఉంటే ఆ ఒక్కరికి జ్వరం వచ్చినా విడుదల ఆగుతుంది. ఆ ఒక్కరు అలసిపోతే ఏమవుతుందో ఎక్స్‌జెడ్ కథలో చూశాం.

2021లో మొదలైన సిగ్‌స్టోర్ అనే సంతకపు సేవ కీని దాచే బాధ్యతనే తగ్గించింది. మీ ఈమెయిలు ఖాతా నిరూపించుకుంటే పది నిమిషాలు మాత్రమే చెల్లే సర్టిఫికెట్ ఇస్తుంది. సంతకం జరిగిన సంగతి ఎవరూ చెరపలేని బహిరంగ పుస్తకంలో నమోదవుతుంది. మీ పేరుతో మీకు తెలియని సంతకం పడితే ఆ పుస్తకంలో కనిపిస్తుంది. మంచి ఆలోచన. అయితే మీ గుర్తింపు మొత్తం ఒక ఈమెయిలు ఖాతా మీద ఆధారపడుతుంది. అందువల్ల నా అభిప్రాయంలో చిన్న ప్రాజెక్టు రెండూ చేయడం మేలు.

చాలామంది మరిచే విషయం ఇంకోటి. పాత వెర్షన్ మీద ఉన్న సంతకం ఎప్పటికీ సరైనదే. ప్రమాదకరమైన లోపం ఉన్న పోయినేటి లైబ్రరీని, దాని అసలు సంతకంతో సహా, కొత్తదంటూ ఇస్తే సరిచూసే ప్రోగ్రాము సరే అంటుంది. అందుకే డెబియన్ తన పొట్లాల జాబితా మీద సంతకం చేస్తూ అది ఎన్నాళ్లు చెల్లుతుందో కూడా అందులో రాసే వీలు పెట్టింది. ఆ జాబితాలో ప్రతి పొట్లం హ్యాష్‌కూ లెక్క ఉంటుంది. మా అప్‌డేట్ ప్రోగ్రాము కూడా ఇప్పుడు ఉన్నదానికంటే చిన్న వెర్షన్ సంఖ్య వస్తే, సంతకం సరైనదైనా, ఎక్కించదు.

ఇక మీ ప్రశ్నలు.

ఒక విద్యార్థిని: సార్, పబ్లిక్ కీ అసలైనదేనని మాకు ఎలా తెలుస్తుంది? దాన్నీ మార్చి పెట్టవచ్చు కదా?

పెట్టవచ్చమ్మా. మొత్తం ఏర్పాటులో కష్టమైన చోటును పట్టుకున్నావు. సర్టిఫికెట్ సంస్థ పూచీ పడితే సరిపోతుందని కొందరంటారు. 2014 జులైలో మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ధ్రువీకరణ విభాగం నుంచి గూగుల్ డొమైన్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు వెలువడ్డాయని తేలింది, వాటిని రద్దు చేయవలసి వచ్చింది. కాబట్టి ఒకే దారి మీద ఆధారపడకూడదు. కీ వేలిముద్రను, అంటే ఆ కీ హ్యాష్‌ను, వెబ్‌సైటులో పెట్టు, రిపాజిటరీలో పెట్టు, వేరే సర్వర్‌లో పెట్టు, ఇలాంటి సభల్లో చదివి వినిపించు. పీజీపీ కీ అయితే 40 అక్షరాలూ చదవాలి. చివరి ఎనిమిది మాత్రమే చూస్తే చాలదు, ఆ ఎనిమిది కలిసేలా దొంగ కీ తయారు చేయడం మామూలు కంప్యూటర్‌కే సాధ్యం. బయట బల్ల మీద మా కీ వేలిముద్ర అచ్చు వేసిన చీటీలు ఉన్నాయి. వెళ్లేటప్పుడు తీసుకుని, వెబ్‌సైటులో ఉన్నదానితో పోల్చి చూడు. కలవకపోతే వెంటనే నాకు చెప్పు.

ఒక విద్యార్థి: సార్, మా ప్రాజెక్టును మా తరగతివాళ్లు తప్ప ఎవరూ వాడరు. ఇంత శ్రమ అవసరమా?

రెండు ఊళ్లలో కంపైల్ చేయడం, హార్డ్‌వేర్ టోకెన్ కొనడం ఇప్పుడే అక్కరలేదు బాబూ. సంతకం మాత్రం చెయ్యి. మినీసైన్ లాంటి చిన్న పరికరంతో కీ చేయడానికి ఒక ఆదేశం, సంతకానికి ఒక ఆదేశం, సరిచూడడానికి ఒక ఆదేశం. ఎక్స్‌జెడ్ కూడా మొదట చిన్న ప్రాజెక్టే. ఏ లైబ్రరీని ఎవరు తమ సాఫ్ట్‌వేర్‌లో కలుపుకుంటారో మనకు తెలియదు. వాడేవాళ్లు వేలల్లోకి వెళ్లాక మొదటిసారి సంతకం మొదలుపెడితే, అంతకుముందు విడుదలల్లో ఏవి మీవో మీరే నిరూపించుకోలేరు.

ఒక డీటీపీ నిర్వాహకుడు: అన్నా, మాకు ఈ ఆదేశాలు కొట్టడం రాదు. ఫాంట్లు, కీబోర్డు సెటప్‌లు ఒక షాపు నుంచి ఇంకో షాపుకు పెన్‌డ్రైవ్‌లోనే తిరుగుతాయి. మేము సరిచూడాలంటే ఎలా?

సరిచూడడం మీ చేత చేయించాలనుకోవడం సరికాదు తమ్ముడూ, అది మా పని. మా అప్‌డేట్ ప్రోగ్రాములోనే పబ్లిక్ కీ ఉంది. కొత్త లైబ్రరీ రాగానే అది రెండు సంతకాలనూ సరిచూస్తుంది, ఒక్కటి తప్పినా పాతదాన్నే ఉంచి తెలుగులో హెచ్చరిక చూపిస్తుంది. మీరు ఏమీ కొట్టనక్కరలేదు. కానీ ఇది మీ దగ్గర ఉన్న మొదటి కాపీ అసలైనదైతేనే పనిచేస్తుంది. మొదటిదే మార్చినదైతే అందులోని కీ కూడా మార్చినదే, ఆ తర్వాత అది ఏది చెప్పినా నమ్మడానికి లేదు. అందువల్ల ఆ మొదటిసారి మాత్రం పక్క షాపు పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించకండి. విండోస్‌లో అయితే సెటప్ ఫైలు మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సంతకాల పలకలో మా ప్రాజెక్టు పేరు ఉందో లేదో, సంతకం సరిగ్గా ఉందని చూపిస్తోందో లేదో చూడండి. ఆ పలకే కనిపించకపోతే అది మా ఫైలు కాదు. అనుమానం ఉన్న యంత్రాలను ఆదివారం ఇక్కడికి తీసుకురండి. ఈ విద్యార్థులు ఒక్కొక్కటీ తీసి చూసి, పాతది తొలగించి, మీ ఎదుటే సరైనది ఎక్కించి ఇస్తారు.